టీకాల కవరేజీ నూరు శాతం దాటింది, ఇప్పుడేం చెయ్యాలి? (పీహెచ్‌సీ అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి)

పల్లెడాక్టర్ (శుక్రవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసర్‌ని, చేరి ఇంకా ఏడాది కాలేదు. జిల్లా పేరు మాత్రం అడక్కండి.

నెలనెలా రివ్యూ మీటింగ్‌లో పిల్లల టీకాల షీటు స్క్రీన్ మీద వేస్తారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. మా సబ్‌సెంటర్లలో ఒకటి పెంటా-3లో (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా మూడో డోసు) నూరు దాటి ముదురు ఆకుపచ్చలో ఉంది, దాన్ని ఆనుకునే ఉన్న ఇంకోటి ఎరుపులో ఉంది. ఎరుపులో ఉన్న చోటి ఏఎన్ఎంకి (టీకాలు వేసే నర్సు) మెమో ఇవ్వమని అక్కడికక్కడే చెప్పేశారు. నేను మెమో ఆపి రెండు ఊళ్ళకీ వెళ్ళి చూశాను. ఎరుపు ఊళ్ళో ఏ ఇంట్లో అడిగినా కార్డు తెచ్చి చూపిస్తున్నారు, సూదులన్నీ పడ్డాయి. ఆకుపచ్చ ఊరి చివర ఇటుక బట్టీలున్నాయి, అక్కడి పిల్లల్లో చాలామందికి కార్డే లేదు. ఒక తల్లయితే ఏ టీకానో తెలీదు కానీ తొడ మీద ఒకసారి గుచ్చారని మాత్రం చెప్పింది.

ఇప్పుడు అసలు సమస్య. మా ఏఎన్ఎంలలో ఒకరు డిప్యుటేషన్ మీద వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళతోనే సెషన్లు (ఊళ్ళో టీకాలు వేసే రోజులు) సర్దాలి, వచ్చే వారంలోగా మైక్రోప్లాన్ (ఎక్కడ, ఏ రోజు వెయ్యాలో రాసే ప్లాన్) మార్చి పైకి పంపాలి. షీటు ప్రకారం పోతే ఎరుపు ఊరికి ఇంకో సెషన్ వేసి ఆకుపచ్చ ఊరి నుంచి ఒకటి తీసెయ్యాలి. కళ్ళతో చూసింది నమ్మితే సరిగ్గా తలకిందులు. ఈ అంకెల్లో ఏది దేనికి పనికొస్తుంది? అసలు కవరేజీ నూరెలా దాటుతుంది?

లెక్కలమాస్టారు (శుక్రవారం, రాత్రి 10:05)

నూరు దాటడం వింతేం కాదు డాక్టర్ గారూ, మా జిల్లా ఆఫీసులో రోజూ చూస్తుంటాం. పైన ఉండే అంకె ఆ సబ్‌సెంటర్లో వేసిన డోసులది. కింద ఉండేది అక్కడ ఉండాల్సిన పిల్లలది, అయితే దాన్ని ఎవరూ ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టలేదు, జనాభాని జననాల రేటుతో గుణించి పంచేశారు. ఆ జనాభా కూడా 2011 జనగణన మీద పెంచుకుంటూ వచ్చిందే, 2021లో జరగాల్సింది 2027కి పోయింది కదా.

ఐదు వేల జనాభా ఉన్న సబ్‌సెంటర్ తీసుకోండి. ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల సర్వే) 2020 ప్రకారం వెయ్యి మందికి ఆంధ్రలో 15.7, తెలంగాణలో 16.4 జననాలు. లెక్క కోసం 16 అనుకుంటే ఏడాదికి 80 మంది పుడతారు. టార్గెట్ వేసినాయన పాత రేటు 19 పెట్టి వేస్తే 95 అవుతుంది. ఉన్న ఎనభై మందికీ వేసినా షీటులో 84 శాతమే చూపిస్తుంది. మిగతా పదిహేను మందిని ఆ ఏఎన్ఎం ఎక్కణ్ణుంచి తేవాలి?

ఇంకో సంగతి, నెలకి ఆరేడుగురు పిల్లలుండే చోట నెలవారీ శాతం చూడటం శుద్ధ దండగ. ఇద్దరికి జ్వరమొచ్చి వాయిదా పడితే ఈ నెల ముప్ఫై శాతం పడిపోతుంది, వచ్చే నెల నూట ముప్ఫై అవుతుంది. రెంటికీ అర్థం లేదు.

వార్డుమెంబర్ (శుక్రవారం, రాత్రి 10:21)

నాకు వైద్యం తెలీదు, పంచాయతీలో ఉన్నాను. మా ఊళ్ళో చంటిపిల్లలు ఎంతమందో మా అంగన్‌వాడీ టీచర్ వేళ్ళ మీద చెప్తుంది. గుణింతాలు భాగింతాలు ఎందుకు, ఆవిణ్ణి అడిగితే పోలా?

లెక్కలమాస్టారు (శుక్రవారం, రాత్రి 10:30)

పోతుంది, సగం. అంగన్‌వాడీ లిస్టులో పేరు రాయించుకున్నవాళ్ళే ఉంటారు. అయినా ఆ లిస్టు, ఆశా దగ్గరున్న బాలింతల లిస్టు, జనన రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే గుణకారం కంటే వెయ్యి రెట్లు నయం.

బుధవారంసూది (శుక్రవారం, రాత్రి 11:02)

డాక్టర్ గారూ, నేను ఏఎన్ఎంని, సీనియర్‌ని. ముందుగా ఆ మెమో ఆపినందుకు దండం. మాస్టారు చెప్పింది నిజమే కానీ ఆయనకి రిజిస్టర్లు తెలుసు, కాన్పులు తెలీవు.

మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో చేస్తారా లేదా? అమ్మాయి గర్భం నమోదయ్యేది అత్తగారి ఊళ్ళో. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు. పురుడు అక్కడి ఊరికి దగ్గరున్న ఆసుపత్రిలో, అంటే పుట్టగానే వేసే బీసీజీ, జీరో పోలియో, హెపటైటిస్-బి ఆ ఆసుపత్రి లెక్కలో పడతాయి. నెలన్నర టీకాలు పుట్టింటి ఊళ్ళో. మూడో నెలో ఐదో నెలో, మంచిరోజు చూసి దింపుతారు, అప్పుడు పెంటా-3 అత్తగారి ఊళ్ళో. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు-రుబెల్లా టీకా) కూడా అక్కడే. అంటే ఒక పిల్ల మూడు చోట్ల మూడు షీట్లలో ముక్కలుగా ఉంటుంది.

మీ ఎరుపు ఊరు అమ్మాయిల్ని కాన్పుకి పంపే ఊరేమో చూడండి. టార్గెట్ ఆ ఊరి మీద ఉంటుంది, సూదులు పక్క మండలంలో పడతాయి. ఆకుపచ్చ ఊరి పక్కన పెద్దాసుపత్రో, బస్టాండో, బజారో ఉండుంటుంది. బజారుకి వచ్చినవాళ్ళు పనిలో పనిగా వేయించుకుపోతారు, మేం వద్దనం, వద్దనకూడదు కూడా. కార్డు తెచ్చి అడిగిన పిల్లని వెనక్కి పంపితే ఇక రాదు.

పల్లెడాక్టర్ (శుక్రవారం, రాత్రి 11:15)

అమ్మో, మీరు చెప్పింది అచ్చం మా ఊళ్ళే. ఆకుపచ్చ ఊళ్ళో వారపు సంత ఉంది, సబ్‌సెంటర్ సంతకి ఎదురుగానే.

పాతడీఐఓ (శనివారం, ఉదయం 6:10)

రిటైరయ్యాక నిద్ర తొందరగా వదిలిపోతుంది, అందుకని ఈ వేళప్పుడు రాస్తున్నాను.

డాక్టరు బాబూ, నేను జిల్లా టీకాల అధికారిగా (డీఐఓ) పనిచేసిన రోజుల్లో కొత్త మెడికల్ ఆఫీసర్లకి మొదట చెప్పేవాణ్ణి, ఆ శాతాల కాలమ్ మీద ఒక కాయితం అడ్డం పెట్టి మిగతా షీటు చదవమని. వేసిన డోసుల సంఖ్యలు మాత్రమే ఒక ఏడాదివి వరుసగా రాసుకో. బీసీజీ, పెంటా-1, పెంటా-3, ఎంఆర్-1, ఎంఆర్-2. ఇప్పుడు కింద ఏ టార్గెట్ ఉందో నీకు అక్కర్లేదు.

పెంటా-1 వేయించుకుని పెంటా-3కి రానివాళ్ళెంత? ఉదాహరణకి 40 మందికి మొదటిది వేసి 34 మందికే మూడోది వేస్తే, ఆరుగురు జారారు, 15 శాతం డ్రాపవుట్. పది దాటితే తల్లులు ఒకసారి వచ్చి మళ్ళీ ఎందుకు రావట్లేదో కనుక్కోవాలి. సెషన్ చెప్పిన రోజున జరగడం లేదా, మొదటి సూదికి జ్వరమొస్తే భయపడ్డారా, పారాసెటమాల్ చుక్కలు ఇచ్చి ఇలా వస్తుంది కంగారు పడకమ్మా అని చెప్పారా లేదా. ఇక్కడ కొత్త సెషన్ పెట్టి లాభం లేదు. అసలు పెంటా-1 దగ్గరే పిల్లలు తక్కువుంటే అది వేరే జబ్బు, వాళ్ళ దాకా మనం చేరడమే లేదు. అప్పుడు సెషన్ కావాలి, బండి కావాలి, మనిషి కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రతి జిల్లాకీ చేరాలనే పద్ధతి తెచ్చినప్పుడు ఊళ్ళని నాలుగు రకాలుగా విడగొట్టమంది ఇందుకే. చేరడం బాగుందా లేదా, కొనసాగడం బాగుందా లేదా. నీ షీటులో ఉన్న మూడు రంగుల కంటే ఆ నాలుగు గళ్ళు ఎక్కువ పనికొస్తాయి.

గోడకి కవరేజీ చార్టు ఉండేది, ఏటవాలు గీత, నెలనెలా కూడుకుంటూ చుక్కలు పెట్టి కలపాలి. పెంటా-1 గీతకీ పెంటా-3 గీతకీ మధ్య ఖాళీ పెరుగుతుంటే గుమ్మంలోంచే కనిపించేది. ఇప్పుడు ఆ చార్టు మీద క్యాలెండర్ తగిలిస్తున్నారు.

బుధవారంసూది (శనివారం, ఉదయం 6:48)

సార్, మీ డ్రాపవుట్ లెక్క కూడా పుట్టింటి దగ్గర బోల్తా పడుతుంది. పుట్టింటి ఊళ్ళో పెంటా-1 ఎక్కువ, పెంటా-3 తక్కువ. అత్తగారి ఊళ్ళో మొదటిది ఇరవై, మూడోది ఇరవై ఆరు. మైనస్ డ్రాపవుట్ ఎందుకొచ్చింది అని నన్ను మీటింగ్‌లో నిలబెట్టారు ఒకసారి. ఈ రోజు సెషన్ ఉంది, మళ్ళీ రాత్రి వస్తా.

పాతడీఐఓ (శనివారం, ఉదయం 7:05)

ఒప్పుకుంటానమ్మా. అందుకే డ్రాపవుట్ సబ్‌సెంటర్ దగ్గర పేర్లతో చూడాలి, అంకెగా చూడాలంటే పీహెచ్‌సీకో మండలానికో కూడి చూడాలి. అక్కడ వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కొంతవరకు సరిపోతారు.

మియాపూర్‌అమ్మ (శనివారం, ఉదయం 10:33)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి మొదటి నుంచీ ప్రైవేటు ఆసుపత్రిలోనే వేయించాం, హెక్సా, ఎంఎంఆర్ అన్నీ. మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అంతే. ఆ మధ్య ఆశా ఒకావిడ వచ్చి మా బాబుకి టీకాలు పడలేదని లిస్టులో ఉంది అంది. నేను కార్డు చూపిస్తే ఫొటో తీసుకుని వెళ్ళింది. అంటే మా పిల్లలు మీ షీటులో ఎరుపా?

లెక్కలమాస్టారు (శనివారం, ఉదయం 10:50)

చాలావరకు ఎరుపే అమ్మా. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు లెక్కలు పంపుతాయి, చాలా పంపవు. అందుకే నగరాల్లో అర్బన్ పీహెచ్‌సీ అంకె చూసి అపార్ట్‌మెంట్ల వైపు టీమ్‌ని పంపితే ఆ రోజు కూలి దండగ, అదే టీమ్ నాలుగు వీధుల అవతల కట్టుబడి జరిగే చోట రేకుల షెడ్లలోకి వెళ్ళాలి. మీ కార్డు ఫొటో తీసుకున్న ఆశా చేసింది చాలా మంచి పని, ఎంఎంఆర్ పడితే మీజిల్స్-రుబెల్లా పడినట్టే లెక్క, ఎక్కించాలి.

పనిలో పని, అందరూ సర్వే అంకె తెచ్చి షీటుతో పోలుస్తుంటారు కాబట్టి చెప్తున్నా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం పూర్తి టీకాలు పడిన 12–23 నెలల పిల్లలు దేశంలో 76.4 శాతం, నాలుగో సర్వేలో 62 ఉండేది. ఆంధ్రలో 73, తెలంగాణలో 79 దరిదాపు. రాష్ట్రానికి అది మంచి అద్దం. జిల్లాకి వచ్చేసరికి ఆ వయసు పిల్లలు సర్వేలో కొద్దిమందే దొరుకుతారు, పాతికా యాభై మధ్య ఉంటే అంకెని బ్రాకెట్లో వేస్తారు, అంతకంటే తక్కువైతే చుక్క పెట్టి వదిలేస్తారు. పైగా ఆంధ్రలో అవి పాత 13 జిల్లాలవి, 2022లో జిల్లాలు విడిపోయాయి. దాన్ని పట్టుకుని మీ పీహెచ్‌సీని తిట్టేవాళ్ళకి ఆ బ్రాకెట్ చూపించండి.

సూటిగా (శనివారం, మధ్యాహ్నం 12:15)

ఇంత గోల ఎందుకు? యూవిన్ (టీకాల ఆన్‌లైన్ నమోదు) వచ్చింది కదా. పిల్ల ఎక్కడ వేయించుకున్నా ఫోన్ నంబరు మీద కనిపిస్తుంది. పుట్టిల్లు, అత్తిల్లు సమస్య ఉండదు. రిజిస్టర్లు తగలెయ్యండి.

బుధవారంసూది (శనివారం, రాత్రి 8:20)

సూటిగా గారూ, ఇవాళే ఎంట్రీలు చేసి వచ్చాను కాబట్టి సూటిగానే చెప్తా. ఆసుపత్రిలో పుట్టగానే పిల్లకి పేరుండదు, బారసాల కాలేదు. అందుకని బేబీ ఆఫ్ లక్ష్మి అని ఎక్కిస్తారు, ఫోన్ నంబరు పక్కనున్న అమ్మమ్మది. నెలన్నరకి నా దగ్గరికి వచ్చినప్పుడు తండ్రి నంబరు చెప్తారు, ఆ నంబరు మీద ఎవరూ కనపడరు, నేను కొత్తగా ఎక్కిస్తాను. ఇప్పుడు ఒకే పిల్ల ఇద్దరు. పుట్టినప్పటి బేబీ ఆఫ్ లక్ష్మికి నెలన్నర టీకా పడలేదని డ్యూ లిస్టులో (టీకా పడాల్సినవాళ్ళ జాబితా) నెలనెలా వస్తూనే ఉంటుంది, నా దగ్గర సహస్ర అన్న పేరుతో ఎక్కిన అదే పిల్లకి పుట్టినప్పటి డోసులు లేవని ఇంకో లిస్టు. మా మండలంలో బేబీ ఆఫ్ లక్ష్మిలు ఎంతమందో ఆ లక్ష్మీదేవికే తెలియాలి.

యూవిన్ వద్దని నేననను. కాన్పు టేబుల్ దగ్గరే గర్భిణిగా ఉన్నప్పటి నంబరు అడిగి దాని కిందే పిల్లని ఎక్కిస్తే సగం బాధ పోతుంది. అది డేటా ఎంట్రీ చేసే అబ్బాయికి ఎవరో ఒకరు చెప్పాలి అంతే.

లెక్కలమాస్టారు (శనివారం, రాత్రి 8:41)

ఇది నేను మా జిల్లాలో రాసి పెడతాను మేడమ్. డూప్లికేట్ల సంగతి తెలుసు గానీ ఎక్కడ పుడుతున్నాయో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

డాక్టర్ గారికి ఇంకో చిట్కా. నెలన్నర పిల్లకి ఒకే రోజు పెంటా-1, పోలియో చుక్కలు, రోటా-1 (విరేచనాలకి), ఎఫ్‌ఐపీవీ-1 (పోలియో సూది), పీసీవీ-1 (న్యుమోనియాకి) పడాలి. ఆ ఐదు అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి. పెంటా 38, రోటా 37, పీసీవీ 12 అని ఉంటే తల్లులు రాలేదని కాదు, పీసీవీ స్టాకు లేదు లేదా ఎంట్రీ తప్పు. ఈవిన్‌లో (వ్యాక్సిన్ స్టాకు చూపించే ఆన్‌లైన్ లెక్క) ఆ నెల నిల్వ చూస్తే తేలిపోతుంది. అలాంటి నెలకి ఏఎన్ఎంకి మెమో ఇస్తే నవ్వుతారు, ఇండెంట్ (స్టాకు కావాలని పైకి రాసేది) పెట్టాల్సింది మనం. తొమ్మిదో నెల ఎంఆర్‌కీ, జేఈ (మెదడువాపు టీకా) ఇచ్చే జిల్లాల్లో జేఈ-1కీ ఇదే లెక్క. ఇక ఐదు అంకెలూ ఏడాది పొడుగునా ఒక్కటి తేడా లేకుండా ఉంటే అది ఇంకా అనుమానం, ఎవరో కాపీ పేస్టు చేస్తున్నారు.

పల్లెడాక్టర్ (శనివారం, రాత్రి 9:30)

ఇప్పుడే కూర్చుని ఏడాది అంకెలు శాతాలు లేకుండా రాసుకున్నా. పీహెచ్‌సీ మొత్తానికి పెంటా-1 నుంచి పెంటా-3 దాకా పెద్ద తేడా లేదు. కానీ అన్ని సబ్‌సెంటర్లలోనూ ఎంఆర్-1 దగ్గర ఒక మెట్టు దిగుతోంది, ఎంఆర్-2 దగ్గర ఇంకా కిందికి. మూడున్నర నెలల పెంటా-3 దాకా వచ్చిన తల్లులే కదా, తొమ్మిదికి ఎందుకు రారు?

బుధవారంసూది (శనివారం, రాత్రి 9:52)

వస్తారు సార్. వచ్చాక ఏం జరుగుతుందో చెప్తా, నా పేరు లేదు కాబట్టి. మాకొచ్చే ఎంఆర్ వయల్‌లో (మందు సీసా) ఐదు డోసులు. పొడిలో నీళ్ళు కలిపాక నాలుగు గంటలే, మిగిలింది పారెయ్యాలి. పెంటా అలా కాదు, సరిగ్గా దాచుకుంటే తెరిచిన వయల్ 28 రోజులు వాడుకోవచ్చు. చిన్న ఊళ్ళో ఆ బుధవారం తొమ్మిది నెలల పిల్ల ఒక్కతే వస్తుంది. ఒక పిల్ల కోసం వయల్ తెరిస్తే నాలుగు డోసుల వేస్టేజ్ ఎందుకు అని పైనుంచి అడుగుతారేమోనన్న భయం. అప్పుడు కొత్త ఏఎన్ఎం ఏమంటుందంటే, శనివారం రామ్మా, ఇంకో ఇద్దరొస్తారు, కలిపి వేస్తా అంటుంది. శనివారం ఆ తల్లికి కూలి ఉంటుంది.

పాతడీఐఓ (శనివారం, రాత్రి 10:04)

ఒక్క పిల్ల వచ్చినా వయల్ తెరవాలి. గైడ్‌లైన్స్ అవే చెప్తాయి, ఎంఆర్‌కి వేస్టేజ్ ఉంటుందని ముందే కలుపుకునే ఇండెంట్ వేస్తారు. డాక్టరు బాబూ, నువ్వు చెయ్యాల్సింది ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టి అందరు ఏఎన్ఎంలకీ ఇవ్వడం, ఒక బిడ్డ ఉన్నా తెరవండి, వేస్టేజ్‌కి జవాబు నేను చెప్తాను అని. నోటిమాట చాలదు. తెరిచిన వయల్‌కి సగటున ఎన్ని డోసులు వేశారో కూడా చూడు. చిన్న ఊళ్ళలో ఆ అంకె ఐదుకి దగ్గరగా, చాలా బాగా కనిపిస్తోందా? ఎవరినో వెనక్కి పంపుతున్నారన్నమాట.

సూటిగా (శనివారం, రాత్రి 10:20)

ఎంఆర్-1 తొంభై ఉందనుకోండి. తొంభై అంటే మంచి మార్కులే కదా. ఇంత పట్టుదల ఎందుకు?

పాతడీఐఓ (ఆదివారం, ఉదయం 5:55)

పరీక్షకి మంచి మార్కులే, తట్టుకి కాదు. తట్టు ఆగాలంటే 95 శాతం పిల్లలకి రెండు డోసులూ పడాలి. మాస్టారు చెప్పిన ఊరినే తీసుకుందాం, ఏడాదికి 80 మంది. తొంభై శాతం అంటే 72 మందికి సూది పడింది, ఎనిమిది మందికి లేదు. తొమ్మిదో నెలలో వేసిన ఒక డోసు నూటికి ఎనభై ఐదు మందికే పట్టుకుంటుంది, అంటే 72లో పదకొండు మంది సూది పడినా రక్షణ లేనివాళ్ళే. ఎనిమిదీ పదకొండూ పంతొమ్మిది. రెండో డోసు సరిగా పడకపోతే నాలుగేళ్ళలో ఆ ఊళ్ళో డెబ్బై ఆరు మంది పోగవుతారు, దాదాపు ఒక ఏడాది కాన్పులంత. అలా పోగైనప్పుడు తట్టు పేలే ప్రమాదముందని ఈ రంగంలో ఒక గుర్తుంది. అదే మొదటి డోసు పడినవాళ్ళలో ఎనభై శాతం మందికి ఎంఆర్-2 పడితే ఏడాదికి పోగయ్యేది పదకొండు దాకా తగ్గుతుంది, గడువు ఏడేళ్ళకి జరుగుతుంది. నేను ఊరికే అనుకున్న అంకెలివి, ఎవరి ఊరివి వాళ్ళు వేసుకుని చూడండి, అయిదు నిమిషాల పని.

2022 చివర్లో ముంబైలో గోవండీ వైపు తట్టు పేలింది గుర్తుందా? అప్పుడు కేంద్రం తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ళ పిల్లలకి అదనపు డోసు ఇవ్వమంది. నగరం మొత్తం సగటు చూస్తే ఆ బస్తీ ఎక్కడో మునిగిపోతుంది.

ఇంకొకటి ఎవరూ చూడరు. పూర్తి టీకాల పిల్ల అని మనం లెక్కేసేది ఏడాదిలోపు డోసులనే. పదహారు నెలలకి, ఐదేళ్ళకి వెయ్యాల్సిన డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్లు ఆ శాతంలో లేవు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కంఠసర్పి (డిఫ్తీరియా) కేసులు ఇప్పటికీ వస్తుంటాయి, బడి వయసు పిల్లలు. నీ పీహెచ్‌సీలో ఐదేళ్ళ బూస్టర్ అంకె తీసి ఒకటో తరగతిలో చేరినవాళ్ళ సంఖ్యతో పోల్చు. దానికి జనగణన అక్కర్లేదు, బడి రిజిస్టరు చాలు.

కిన్నెరసాని (ఆదివారం, ఉదయం 9:12)

భద్రాద్రి కొత్తగూడెం వైపు ఏజెన్సీలో పనిచేస్తాను. అందరూ లిస్టులో ఉన్న పిల్లల గురించి మాట్లాడుతున్నారు. మా గొడవ లిస్టులో లేనివాళ్ళతో. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుంపులుగా ఉండే గొత్తికోయలు, మిరపకోతలకి వచ్చే కూలీలు. వీళ్ళు ఏ టార్గెట్లోనూ లేరు. పిల్ల లెక్కలోనే లేకపోతే టీకా పడకపోయినా కవరేజీ ఒక్క పాయింటు తగ్గదు. డాక్టర్ గారి ఆకుపచ్చ ఊరి బట్టీలూ అంతే. ఒక్క డోసూ పడని పిల్లలు దేశంలో 2023లో 16 లక్షలు, 2024లో 9 లక్షలు అని డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్ అంచనా. వాళ్ళు షీటులో ఎరుపుగా కనిపించరు, అసలు కనిపించరు.

డాక్టర్ గారూ, మీ పల్స్ పోలియో మైక్రోప్లాన్ తీసి చూడండి. బట్టీలు, కోళ్ళఫారాలు, సంచారజాతుల గుడారాలు అన్నీ పేరుపేరునా ఉంటాయి, ఎందుకంటే పోలియోకి ఎవర్నీ వదలకూడదని పట్టుబట్టి రాయించారు. అదే పీహెచ్‌సీలో వారంవారం టీకాల ప్లాన్ తీస్తే వాటిలో సగం ఉండవు. రెండూ పక్కన పెడితే తేడా వచ్చినవే మీ కొత్త సెషన్ సైట్లు.

ఇంకో మెలిక. ఏడాది దాటేదాకా ఒక్క డోసూ పడని పిల్లకి పెంటా మొదలుపెట్టరు, డీపీటీ వేస్తారు. మీరు బట్టీలో కష్టపడి అలాంటి పిల్లలకి వేసినా రివ్యూ షీటులో పెంటా కాలమ్ కదలదు. బీసీజీ కూడా ఏడాది లోపే. మీటింగ్‌లో ఇది ముందే చెప్పి పెట్టుకోండి, లేకపోతే బండి పెట్రోలు ఖర్చయింది, అంకె పెరగలేదు అంటారు.

వార్డుమెంబర్ (ఆదివారం, ఉదయం 10:40)

ఇది చదివాక మా పంచాయతీ వాట్సాప్‌లో బట్టీల లిస్టు అడిగాను, కరెంటు మీటర్లున్న బట్టీలు లైన్‌మన్ చెప్పేశాడు. డాక్టర్లకి ఇలాంటివి పంచాయతీ ఇవ్వగలదు, ఎవరూ అడగరు.

పల్లెడాక్టర్ (ఆదివారం, రాత్రి 8:05)

సరే, ప్లాన్ ఇలా వేశాను, తప్పులుంటే చెప్పండి.

ఎరుపు ఊరికి కొత్త సెషన్ లేదు. అక్కడ రెండు చిన్న సెషన్లు దగ్గరదగ్గర ఊళ్ళలో ఉన్నాయి, రెంటినీ కలిపి ఒక్కటి చేస్తున్నా. ఇందువల్ల నెలలో ఒక శనివారం మిగులుతుంది, ఎంఆర్‌కి కూడా ఎక్కువమంది పిల్లలు ఒకచోట దొరుకుతారు. మిగిలిన శనివారం బట్టీలకి. ఎంఆర్ వయల్ ఒక్క పిల్లకైనా తెరవమని సంతకంతో ఆర్డరు రేపు ఇస్తున్నా. పుట్టింటికి వెళ్ళిన వాళ్ళ పేర్లు ఆశాలు విడిగా రాస్తారు, ఆ పిల్లలకి ఎక్కడ పడినా కార్డు ఫొటో చూసి మన దగ్గర పడినట్టు గుర్తు పెట్టుకుంటాం, డోసు మాత్రం రెండోసారి ఎక్కించం. మెమో ఇవ్వమన్నదానికి జవాబుగా ఎరుపు ఊరి ఇంటింటి లెక్క జతచేసి పంపుతున్నా. పెట్టిన టార్గెట్ కంటే నిజంగా ఉన్న పిల్లలు తక్కువని తేలింది.

లెక్కలమాస్టారు (ఆదివారం, రాత్రి 8:22)

ఇంటింటి లెక్కలో బట్టీ పిల్లల్ని కూడా కలిపి పంపండి. అప్పుడు ఎరుపు ఊరు ఆకుపచ్చ అవుతుంది, మీ ఆకుపచ్చ ఊరు పసుపులోకి దిగుతుంది. అది చూసి పైవాళ్ళు అరుస్తారు, తట్టుకోండి. కాయితం మీద దిగకపోతే వచ్చే ఏడాది ఆ బట్టీలకి వ్యాక్సిన్ కోటా రాదు.

బుధవారంసూది (ఆదివారం, రాత్రి 9:10)

రెండు సెషన్లు కలిపిన చోట మధ్యలో వాగేమైనా ఉందా సార్? మీ ఎరుపు ఊరి వాళ్ళు వర్షాకాలంలో దాటలేకపోతే ఆ పెంటా-3 కూడా పోతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా విడివిడిగా ఉంచి, తర్వాత కలపండి.

పల్లెడాక్టర్ (ఆదివారం, రాత్రి 9:18)

ఉంది. కల్వర్టు ఉంది కానీ పొంగుతుంది. మారుస్తా. థాంక్స్ మేడమ్.

కిన్నెరసాని (ఆదివారం, రాత్రి 9:45)

బట్టీకి శనివారం పొద్దున పది గంటలకి వెళ్ళకండి. వాళ్ళు తెల్లవారుజామునే ఇటుక కోతకి దిగి ఎండెక్కాక పడుకుంటారు. వారం బత్తెం ఇచ్చే రోజున అందరూ సంతకి పోతారు. ముందు మేస్త్రీని అడిగి టైము పెట్టుకోండి, యజమానితో మాట్లాడితే సరే అంటాడు కానీ తల్లుల్ని పిలిచేది మేస్త్రీయే. ఒడిశా వాళ్ళయితే వాళ్ళలోనే తెలుగు వచ్చిన ఒకామెని పక్కన కూర్చోబెట్టుకోండి.

బుధవారంసూది (ఆదివారం, రాత్రి 10:01)

కార్డు రాసేటప్పుడు అడ్రసు దగ్గర బట్టీ పేరొక్కటే రాసి వదిలెయ్యకండి. వాళ్ళ సొంతూరు, బ్లాకు కూడా రాయించండి. వానలకి ముందు వాళ్ళు వెళ్ళిపోతారు, రెండో డోసు అక్కడి ఏఎన్ఎం వెయ్యాలి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి, ఆ గుడిసెల్లో కాయితం నిలవదు.